ఏకపక్ష రాజ్యమున నిర్వాచన మెట్లు జరుగును?

నిర్వాచన మనగా ఎన్నుకొనుట. ఎన్నుకొనుట యనగా రెండింటిలో నొకదానిని గైకొని రెండవదానిని విడుచుట. సంతలో ఒక్కటే వంకాయల గంప యున్నచో మనము కొనగలము గాని యేరుకొనజాలము. ఇది పసిబాలురకును దెలిసిన సంగతియే. అయినను లోకమున కొన్ని రాజ్యములలో పక్ష మొక్కటే, స్థానమున కభ్యర్థి యొక్కడే, ఆ యభ్యర్థికి నూటికి తొంబదితొమ్మిది వోట్లు - ఈ రీతిగా నిర్వాచనములు జరిగినవి. కొన్ని చోట్ల నేటికిని జరుగుచున్నవి.

మన కంచరపాలెమున రైలు పనివారి యిండ్ల యరుగులమీదను, రేవులో పనిచేసి వచ్చువారి ముచ్చటలలోను ఒక ప్రశ్న యప్పుడప్పుడు వినవచ్చును. "మన దేశమున నూటికి అరువదియో డెబ్బదియో వోట్లు పడుటయే గగనము. అక్కడ నూటికి తొంబదితొమ్మిది పడునట! అదికదా నిర్వాచనము!" అని కొంద రందురు. "అదంతయు నాటకము" అని మరికొంద రందురు. ఈ యిరువురును నిర్వాచన మెట్లు జరిగినదో యడుగుట లేదు. ఆ పద్ధతిని విప్పి చూపుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము. మా పాఠశాలలో పై తరగతుల బాలబాలికలు మరి రెండు మూడేండ్లలో వోటర్లు కానున్నారు. తమ చేతికి రాబోవు వస్తువు విలువ వారెరుగవలెను.

సోవియట్టు రాజ్యము మన యూరికి పరాయిది కాదని మొదటనే చెప్పవలెను. 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపనమైన విశాఖ ఉక్కు కర్మాగారము సోవియట్టు ఇంజనీర్ల సహాయముతో నిర్మింపబడినది. అందలి మొదటి రెండు కొలుములకు గోదావరి, కృష్ణ యని మన నదుల పేర్లే పెట్టిరి. 1992లో నా కర్మాగారము జాతి కంకితమగు నాటికి సోవియట్టు సమాఖ్యయే లేదు. 1991 డిసెంబరుతో నది విడిపోయినది. వారి చేతిపనివలన మేలుపొందిన యూరివారమగుటచే వారి రాజ్యతంత్రమును ద్వేషముతోగాక, పొగడ్తతోగాక, ఉన్నది ఉన్నట్లు పరిశీలించుట మనకు న్యాయము.

1937వ సంవత్సరమున జరిగిన రెండు నిర్వాచనములను ప్రక్కప్రక్కన నుంచి చూచిన సంగతి తేటపడును. మొదటిది మన జిల్లాలోనిదే. అప్పటి విశాఖపట్టణము జిల్లాలో బొబ్బిలి చేరియుండెను. బొబ్బిలి రాజావారు మద్రాసు రాజధానికి ప్రధానమంత్రి, జస్టిసు పక్షనాయకులు, తమ జమీనులో తామే ప్రభువులు. వారిపై కాంగ్రెసు పక్షమున నిలిచినవారు వరాహగిరి వేంకటగిరిగారు. ఈయన రైలు కార్మికుల నాయకుడు. మన వాల్తేరునకు వచ్చు బెంగాల్ నాగపూర్ రైల్వేలో 1928లో జరిగిన సమ్మెను నడపినవాడు. తరువాతి కాలమున, 1969లో, భారత రాష్ట్రపతి యైనవాడు. ఆనాడు వోటు అందరకును లేదు. ఆస్తియో, పన్నో, చదువో యుండవలెను. కూలివానికి లేదు, స్త్రీలలో బహుకొద్దిమందికే కలదు. ఇట్టి యిరుకైన నిర్వాచనములోనే ప్రధానమంత్రి తన గడ్డమీదనే యోడిపోయెను.

రెండవది అదే యేట డిసెంబరు 12వ తేదీ, ఆదివారమున, సోవియట్టు దేశమున జరిగినది. అచ్చట వోటు పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీపురుషుల కందరకును కలదు. ఆస్తి యక్కరలేదు, చదువక్కరలేదు. మొత్తము 1,143 స్థానములు. ఆ దేశమంతటిలో నొక్క అభ్యర్థియు నోడిపోలేదు.

వోటు గలవారు కొద్దిమంది యైనచోట రాజు ఓడెను. వోటు అందరకును గలచోట ఎవ్వరును ఓడలేదు. ఇది యెట్లు సంభవించెను?

1917 విప్లవము తరువాత రష్యాలో వోటు అందరకును ఉండలేదు. 1918 నాటి రాజ్యాంగము కూలివారిని బెట్టి పనిచేయించుకొనువారికి, వర్తకులకు, మతాచార్యులకు, పాత పోలీసులకు వోటు లేకుండ చేసెను. పట్టణవాసి వోటునకున్న బరువు పల్లెవాసి వోటునకు లేదు. చేతులెత్తి బహిరంగముగా వోటు చేయుటయే వాడుక. ఈ లోపముల నన్నింటిని 1936 డిసెంబరు 5వ తేదీన అంగీకరింపబడిన క్రొత్త రాజ్యాంగము తీసివేసెను. సార్వజనికము, సమానము, ప్రత్యక్షము, రహస్యము - ఈ నాలుగు గుణములును వోటునకు గలవని యందు వ్రాయబడెను. కాగితముమీద చూచినచో ఆనాటి లోకమున దీనికంటె విశాలమైన వోటుహక్కు అరుదు. మన దేశమున పదునెనిమిదేండ్ల వారికి వోటు 1989లో గాని రాలేదు.

అయితే ఆ రాజ్యాంగములోనే రెండు విధులు చేరియుండెను. అభ్యర్థులను సూచించు హక్కు కమ్యూనిస్టు పక్షశాఖలకు, కార్మిక సంఘములకు, సహకార సంఘములకు, యువజన సంఘములకు, విద్యావిజ్ఞాన సంఘములకు మాత్రమే యని యొకటి. ఈ సంఘము లన్నింటికిని కమ్యూనిస్టు పక్షమే నాయకత్వ బీజమని మరియొకటి. తలుపులు అయిదున్నను తాళపుచెవి యొకరి చేతనే యున్నదన్నమాట. 1936 మార్చిలో స్టాలిను, రాయ్ హోవార్డు అను అమెరికా పత్రికాధిపతితో మాటలాడుచు, ఒక పక్షమే యున్నను సంఘముల నడుమ మిక్కిలి చురుకైన పోటీ జరుగునని చెప్పెను. ఆ పోటీ జరుగలేదు. 1937 శరత్కాలమున పక్షనాయకులు స్థానమునకు ఒక్క పేరే యుండవలెనని నిర్ణయించిరి. అట్లు నిలిచినవారిని "కమ్యూనిస్టుల, పక్షేతరుల కూటమి" యనిరి.

ఇక పద్ధతిని వరుసగా జూతము. మొదట కర్మాగారములలోను, సమష్టి వ్యవసాయక్షేత్రములలోను సభలు జరుగును. అచ్చట నొక పేరు ప్రతిపాదింతురు. కొన్ని పేర్లు వచ్చినను, నియోజకవర్గ సభ ముగియునప్పటికి ఒక్కటి మాత్రమే నిలుచును, తక్కినవారు తప్పుకొందురు. ఏ పేరు నిలువవలెనో పక్షకార్యాలయమున ముందే నిశ్చయమై యుండును. ఇంతమంది కార్మికులు, ఇంతమంది కర్షకులు, ఇంతమంది స్త్రీలు, ఇంతమంది యువకులు సభలో నుండవలెనని లెక్క కూడ ముందే కలదు. కావున నిర్వాచనము జరుగు దినమునకు చాల దినములకు పూర్వమే సభ యేర్పడియుండెనని చెప్పవచ్చును.

తరువాత ప్రచారకుల పని. ఒక్కొక్క ప్రచారకునికి కొన్ని యిండ్లు అప్పగింతురు. వా డాయిండ్లకు పలుమారు పోయి, అభ్యర్థి చరిత్ర చదివి వినిపించి, తన యింటివా రందరును వోటు చేయునట్లు చూడవలెను. వోటింగు దినమున పొద్దెక్కినను రానివారి యింటికి వాడే పోవును. రోగియైనచో పెట్టెను మంచమువద్దకే తెత్తురు. పోలింగు స్థలమున ఎర్రబట్టల యలంకారము, సంగీతము, తినుబండారముల అంగడి యుండును. మామూలు దినములలో దొరకని పండ్లు, మిఠాయి ఆనా డచ్చట దొరకుటచే తెల్లవారుజామునుండియే బారులు తీరి నిలుచుటయు కలదు.

అసలు కీలకము వోటుచీటిలో నున్నది. దానిపై పేర్లు అచ్చువేసి, "మీకు కావలసిన యొక్కని పేరు ఉంచి తక్కినవి కొట్టివేయుడు" అని వ్రాసియుండెడిది. చీటిలో నున్నదే ఒక్క పేరు. కావున అనుకూలుడు చేయవలసిన దేమియు లేదు. చీటిని మడిచి తిన్నగా పెట్టెలో వేయవచ్చును. ప్రతికూలునికి మాత్రము కలము కావలెను, మరుగుగదిలోనికి పోవలెను. మరుగుగది లేకపోలేదు, తెర వ్రేలాడుచునే యుండెను. కాని దానిలోనికి పోయినవా డేల పోయెనో చూచువారి కందరకును తెలియును. రహస్యమును కాపాడుటకై పెట్టిన తెరయే రహస్యమును బయటపెట్టెను. మన దేశమున అందరును తెరచాటునకు పోవలసినదే కావున ఎవ్వరిపైనను అనుమానము కలుగదు. తెర యున్నదా యని చూచిన చాలదు. అందరును దానివెనుకకు పోవుదురా యని చూడవలెను.

1937లో నూటికి 96.8 వంతున వోటర్లు వచ్చిరనియు, వోట్లలో నూటికి 98 వంతులకు మించి కూటమికి వచ్చెననియు ప్రకటించిరి. 1946 ఫిబ్రవరిలో వచ్చినవారు 99.7 వంతులు. 1984లో 99.99 వంతులు. ఊరు విడిచిపోవువారు వేరొకచోట వోటు చేయుటకు ధ్రువపత్రము తీసికొనవచ్చును. తీసికొన్నవారి పేరు ఇచ్చటి పట్టికనుండి తొలగును. వోటు చేయ నిష్టములేనివారు కొందరు ఆ పత్రమును తీసికొని యూరకుండిరి. లెక్కకు భంగము రాలేదు. వారికిని చిక్కు రాలేదు.

ఆ మొదటి నిర్వాచనము జరిగిన కాలము నెరిగినగాని యీ లెక్కల యర్థము తెలియదు. 1937, 1938 సంవత్సరములలో, ఆ రాజ్యపు రహస్య పోలీసువారి లెక్కల ప్రకారమే, 6,81,692 మందికి మరణదండన విధింపబడెను. అభ్యర్థులుగా పేర్కొనబడినవారిలోనే కొందరు వోటింగునకు పూర్వము బంధింపబడిరి. అర్ధరాత్రి తలుపు తట్టుదురేమో యను భయమున్న యింటినుండి వచ్చి చీటి మడిచి వేసినవాని మనస్సులో నేమున్నదో ఆ చీటివలన తెలియజాలదు.

ఫలితము ముందే తెలిసినప్పుడు ఇంత ధనము, ఇంత శ్రమ యేల? కారణములు పెక్కు. రాజ్యము ప్రజలను ముఖాముఖి పిలిచి హాజరు తీసికొనుట యొకటి. తరగతిలో ఉపాధ్యాయుడు పేర్లు పిలిచినట్లే. ఎవరు రాలేదో, ఎవరు మూతి ముడిచిరో తెలియును. లోకమునకు ఐకమత్యమును చూపుట రెండవది. మూడవదానియందు ప్రజలకును కొంత లాభము కలదు. ఇంటింటికి వచ్చు ప్రచారకునితో, "మా యింటికప్పు కారుచున్నది, బాగుచేయించనిచో మేము వోటునకు రాము" అని బెదరించి పనులు చేయించుకొన్నవారు కలరు. చీటిమీదనే తమ ఫిర్యాదులను వ్రాసి పెట్టెలో వేసినవారును కలరు. పాలకుని మార్చలేని వోటర్లు ఇంటికప్పునైన మార్పించుకొనిరి.

ఆ సభలయందు మేలు లేకపోలేదు. 1984 నాటి సుప్రీం సోవియట్టులోని 1,500 మంది సభ్యులలో స్త్రీలు సుమారు మూడవ వంతు. అంతటి భాగము మన పార్లమెంటులో నేటికిని లేదు. దానికై 2023లో చట్టము మాత్రము చేసికొంటిమి. పాలుపితుకు స్త్రీయు, కొలిమిపనివాడును ఆ సభలో కూర్చుండిరి. కాని సభ యేడాదిలో కొలది దినములే కూడి, దశాబ్దముల తరబడి ప్రతి తీర్మానమును ఏకగ్రీవముగా నంగీకరించెను. కూర్చుండుటకు చోటు దొరకెను. కాదనుటకు నోరు దొరకలేదు.

ఇన్నేండ్లును పనికిరాక పడియున్న ఆ కొట్టివేయు కలము 1989లో పనిచేసెను. అది యీ చరిత్రలోని వింత ఘట్టము. ఆ యేట మార్చి 26వ తేదీన సోవియట్టు దేశమున ప్రజాప్రతినిధుల మహాసభకు నిర్వాచనము జరిగినపుడు చాల స్థానములలో ఒకటికి మించిన పేర్లుండెను. మాస్కోలో, పక్షనాయకుల యాగ్రహమునకు గురియైన యెల్త్సిను నూటికి దాదాపు తొంబది వోట్లతో గెలిచెను. లెనిన్‌గ్రాడులో పక్షాధిపతి సొలొవ్యోవు ఒక్కడే అభ్యర్థి. పోటీ లేదు, అయినను సగమునకు మించి అనుకూలవోట్లు రావలెనని నియమము కలదు. ప్రజలు మరుగుగదిలోనికి పోయి ఆ యొక్క పేరునే కొట్టివేసిరి. ఒంటరిగా పరుగెత్తినవాడు పందెములో నోడిపోయెను!

అదే యేట జూన్ 4వ తేదీన పోలండు దేశమున దిగువసభలో నూటికి 35 స్థానములును, ఎగువసభ యంతయు స్వేచ్ఛాపోటీకి విడువబడెను. సాలిడారిటీ యను కార్మికోద్యమము దిగువసభలో తనకు విడిచిన 161 స్థానములును, ఎగువసభలోని 100కు 99 స్థానములును గెలుచుకొనెను. ప్రభుత్వపు పెద్దలు 35 మంది పోటీలేని యొక జాతీయ పట్టికలో నుండగా, మొదటి వోటింగులో 33 మంది నెగ్గలేకపోయిరి.

తూర్పు జర్మనీ కథ మా పాఠశాల చదువరులకు విశేషముగా నాసక్తి కలిగించును. అచ్చట ఆ యేట మే 7వ తేదీన స్థానిక సభలకు వోటింగు జరిగెను. పట్టిక యొక్కటే, దానిని మడిచి వేయుటయే వోటు చేయుట గనుక జనులు దానిని "కాగితము మడచుట" యని యెగతాళి చేసిరి. వోట్ల లెక్కింపు బహిరంగముగా జరుగవలెనని చట్టము. క్రైస్తవ సంఘముల యువజనులు, వారి మిత్రులు ఆ చట్టమును నమ్మి, పెక్కు పోలింగు స్థలములలో గోడవార నిలిచి, ఒక్కొక్కచోట ఎన్ని ప్రతికూలవోట్లు వచ్చెనో వ్రాసికొనిరి. ఆ రాత్రి ప్రభుత్వము నూటికి 98.85 అనుకూలమని ప్రకటించెను. యువజనులు తమ చీటీలను కూడిరి. తాము చూచిన చోట్ల ప్రతికూలవోట్లే ప్రకటితమైన సంఖ్యను మించిపోయెను. వారు కేకలు వేయలేదు, రాళ్లు రువ్వలేదు, కూడికలు చేసిరి. ఆ కూడిక కాగితములు చేతులు మారి దేశమంతట వ్యాపించెను. నవంబరు 9వ తేదీన బెర్లిను గోడ తెరువబడెను. తరువాత ఆ లెక్కలు మార్చిన యధికారులలో కొందరికి న్యాయస్థానములు శిక్ష విధించెను. గణితము మనకేల యని విసుగుకొను విద్యార్థు లీ సంగతి గమనింతురు గాక.

నేటికిని చైనా, వియత్నాము, లావోసు, క్యూబా, ఉత్తర కొరియా దేశములలో కమ్యూనిస్టుల ఏకపక్ష పాలనము కలదు. కాని నిర్వాచన మన్ని చోట్ల నొక్కటి కాదు. ఉత్తర కొరియాలో 2019లో స్థానమునకు ఒక్క అభ్యర్థియే, 99.99 వంతులు వోటింగని ప్రకటించిరి. చైనాలో ప్రజలు నేరుగా వోటు చేయునది క్రింది స్థాయి సభలకే. జాతీయసభను పై మెట్లవారు ఎన్నుకొందురు. వియత్నాములో 2021 మే 23వ తేదీన 500 స్థానములకు 866 మంది నిలిచిరి గావున కొంత యెంపిక కలదు; కాని ఆ పేర్ల నన్నింటిని పితృభూమి సంఘటన యను సంస్థ ముందుగా వడబోసెను. గెలిచిన 499 మందిలో పక్షసభ్యులు కానివారు 14 మందియే. క్యూబాలో 2023 మార్చిలో 470 స్థానములకు 470 మందియే నిలిచిరి. వోటింగు 76 వంతులకు తగ్గెను. ఓడించుటకు వీలులేనిచోట ఇంటికడ నుండుటయే కొందరికి వోటైనది.

మన దేశమున కమ్యూనిస్టుల చరిత్ర వేరు త్రోవను నడచినది. 1952 నాటి తొలి నిర్వాచనమున నల్లగొండనుండి రావి నారాయణరెడ్డిగారు మూడు లక్షలకు పైగా వోట్లతో, నెహ్రూగారికంటె నెక్కువ వోట్లతో, లోకసభకు పోయిరి. 1955లో ఆంధ్ర రాష్ట్రమున కమ్యూనిస్టులకు నూటికి సుమారు 31 వోట్లు వచ్చినను 196 స్థానములలో 15 మాత్రమే దక్కెను. వారోడిరి, ఓటమి నొప్పుకొనిరి, మరల పోటీ చేసిరి. కేరళమున 1957లో వోటువలననే గద్దె నెక్కిరి. పశ్చిమ బంగాళమున 34 ఏండ్లు పాలించి 2011లో వోటువలననే దిగిరి. ఒకే సిద్ధాంతము, ఒకే జెండా. అచ్చట ఓటమి లేదు, ఇచ్చట కలదు. భేదము పద్ధతిలో నున్నది.

మన విశాఖపట్టణమునుండి 1952లో లోకసభకు పోయిన యిరువురును స్వతంత్రులే. ఒకరు విద్వాంసులైన లంకా సుందరంగారు. రెండవవారు అల్లూరి సీతారామరాజు అనుచరుడై చెరసాల ననుభవించిన మన్యవాసి గాం మల్లుదొరగారు. ఆనాడు మన వోటర్లును చీటిపై గురుతు పెట్టలేదు. ఒక్కొక్క యభ్యర్థికి ఒక్కొక్క పెట్టె. పెట్టెపై గురుతు బొమ్మ. తెరచాటున తమకు నచ్చిన పెట్టెలో చీటి వేయుటయే. చదువురాని తల్లులు సైతము చేయగలిగిన యెంపిక యది. అక్కడను ఇక్కడను చీటి ఖాళీయే. అక్కడ పెట్టె యొక్కటి, ఇక్కడ పెట్టెలు పెక్కు.

ఇంత చెప్పి మనలను మనము మెచ్చుకొని యూరకుండుట తగదు. మన పంచాయతీలలో "ఏకగ్రీవము" అను మాట కలదు. ఊరు కలహములు లేక ఒక్కనినే నిలిపినచో ప్రభుత్వము పారితోషిక మిచ్చుట మన రాష్ట్రమున వాడుక. 2021 పంచాయతీ నిర్వాచనముల యందు దీనిపై గొప్ప చర్చ జరిగెను. ఊరంతయు కూర్చుండి మనఃపూర్వకముగా నొకని నెంచినచో మంచిదే. కాని రెండవవాడు భయపడియో, డబ్బుకు లొంగియో నామినేషను వేయక యుండినచో ఆ ఏకగ్రీవమునకును మాస్కో ఏకగ్రీవమునకును భేద మేమి? 2024లో గుజరాతులోని సూరతు స్థానమున పోటీ మిగులక యొకరు వోటింగు లేకయే లోకసభకు ఎన్నికైరి. 2013నుండి మన చీటిలో "పై వారెవ్వరును కారు" అను గడి యున్నది గాని, పోటీ లేనిచోట వోటింగే లేదు కనుక ఆ గడియు లేదు. లెనిన్‌గ్రాడు వోటరునకు కొట్టివేయుటకైనను ఒక పేరు మిగిలెను. ఈ విషయమును పెద్ద లాలోచింపదగును.

మన యూరి పేరు కంచరులను దలపించును. కంచుపాత్ర కొనువాడు దాని మెరుపు చూచి మోసపోడు. వ్రేలితో మీటి నాదము వినును. పగులున్నచో నాదమే చెప్పును. నిర్వాచనమును గూడ అట్లే మీటి చూడవలెను. ఎవరైనను నిలువవచ్చునా? అందరును తెరవెనుకకు పోవుదురా? లెక్కించునపుడు ఎవరైనను నిలిచి చూడవచ్చునా? గద్దెమీద నున్నవాడు ఓడిపోవచ్చునా? ఓడినవాడు మరునాడు నిర్భయముగా వీధిలో నడువగలడా? ఈ ప్రశ్నలకు "అవును" అను నాదము వచ్చినచో, నూటికి అరువది వోట్లు పడినను అది నిర్వాచనమే. రానిచో తొంబదితొమ్మిది పడినను అది హాజరు పట్టికయే.

విద్యార్థులారా, మీ తరగతి నాయకుని ఎన్నిక యందును, సాహిత్య సంఘపు ఎన్నిక యందును ఈ ప్రశ్నలను వేసికొనుడు. ఒక్క పేరే వచ్చినపుడు రెండవ పేరు చెప్పుటకు ధైర్యము చాలని మిత్రు డెవడైన వెనుక బల్లమీద నున్నాడేమో చూడుడు. ఉన్నచో, వాని పేరు ప్రతిపాదింపుడు. వాడు ఓడిపోయినను మీ యెన్నిక నిజమైన యెన్నిక యగును.